ప్రాణమున్న కంచె

పెరడు ఉన్న ఇంటికి కంచె కావాలి. కంచె లేకపోతే కూరగాయల పాదు మిగలదు. కోడి వచ్చి విత్తనం గీకుతుంది. మేక వచ్చి మొలక కొరుకుతుంది. గొడ్డు వచ్చి పందిరి పడేస్తుంది. మూడు నెలల కష్టం ఒక్క పూటలో పోతుంది.

అచ్చంపేట నల్లమల అడవి దగ్గర ఉన్న ఊరు. ఇదివరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. ఈ ప్రాంతంలో ఎర్రని చెల్క నేలలు ఎక్కువ. వానలు ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడతాయి. మిగతా నెలల్లో నేల ఎండుతుంది. ఇటువంటి చోట కంచె ఎట్లా వేయాలి? ఖర్చు లేకుండా వేయవచ్చా? ఒకసారి వేస్తే చాలా ఏండ్లు ఉండే కంచె ఉందా? ఈ పాఠంలో చదువుదాం.

ఏటేటా ఇదే తిప్పలు

పల్లెల్లో చాలా మంది ముండ్ల కంపతో కంచె వేస్తారు. సర్కారు తుమ్మ కొమ్మలు నరుకుతారు. రేగు కంప కొడతారు. మోపు కట్టి ఈడ్చుకొస్తారు. ఈ పని ఎక్కువగా ఎండాకాలంలో జరుగుతుంది. చాలా ఇండ్లల్లో ఈ పని ఆడవాళ్ళదే. అప్పుడు ఒక ఇంట్లో అత్తాకోడళ్ళ మాటలు ఇట్లా ఉంటాయి.

"అత్తమ్మా! మళ్ళ కంపకు పోవాలెనా? నిరుడే కదా వేసినం."

"ఏం చేద్దం బిడ్డా! నిరుటి కంప చెద తిన్నది. చెయ్యి పెడితే పొడి పొడి అయితున్నది."

"పోయినసారి ముల్లు విరిగి కాల్లనే ఉన్నది. వారం రోజులు కూలికి పోలే."

"ఆ ముల్లు మనకు గుచ్చుతది గాని, మేకకు గుచ్చదు. సందు చూసుకొని దూరనే దూరుతది."

"కంప సంగతి సరే. జాలారుకు కట్టిన చీర గూడ చినిగింది. చీకటితోనే లేచి తానం చెయ్యాలె. లేకపోతే పొద్దు మూకినంక చెయ్యాలె. ఎన్నేండ్లు ఇట్లా?"

కోడలి ప్రశ్న సరైనది. కంప కంచెకు ప్రతి ఏడూ పని ఉంది. ప్రతి ఏడూ గాయాలు ఉన్నాయి. అయినా పెరడుకు కాపు లేదు. స్నానానికి మరుగు లేదు.

ఎందుకు? ఎండిన కట్టెలో ప్రాణం లేదు. దాన్ని నేలలో పాతితే వానకు మురుగుతుంది. చెద తింటుంది. పచ్చి కొమ్మలో ప్రాణం ఉంది. కొన్ని చెట్ల పచ్చి కొమ్మను నేలలో పాతితే వేరు పడుతుంది. చిగురు వేస్తుంది. ఏటేటా గట్టిపడుతుంది. ఇటువంటి కొమ్మలతో వేసిన కంచెను జీవకంచె అంటారు. జీవకంచె అంటే ప్రాణమున్న కంచె.

కొమ్మ ఎట్లా బతుకుతుంది?

ఈ సంగతి మీకు కొత్త కాదు. చెరుకు ముక్క పాతితే మొలుస్తుంది. మల్లె అంటు, గులాబీ కొమ్మ నాటితే బతుకుతాయి. కొమ్మ మీద కణుపులు ఉంటాయి. బెరడు కింద పచ్చని పొర ఉంటుంది. తడి తగిలితే నేలలో ఉన్న భాగం నుంచి వేర్లు వస్తాయి. పైన ఉన్న కణుపుల నుంచి చిగుళ్ళు వస్తాయి.

మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి ఉంది. సుమారు 700 ఏండ్ల చెట్టు అని చెప్తారు. దాని కొమ్మల నుంచి ఊడలు దిగాయి. ఊడలు నేలను తాకి మానులయ్యాయి. ఒక్క చెట్టు కొన్ని ఎకరాలు అల్లుకున్నది. కొమ్మకు వేరు వేసే శక్తి ఉందని ఆ చెట్టును చూస్తే తెలుస్తుంది.

ఆ చెట్టు నుంచి ఇంకొక సంగతి కూడా తెలుసుకోవాలి. దానికి చెద పట్టింది. 2017 చివర ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. 2018లో అధికారులు మనిషికి సెలైన్ ఎక్కించినట్టు ఆ చెట్టుకు చుక్క చుక్కగా మందు ఎక్కించారు. వాలిన కొమ్మల కింద ఆధారంగా స్తంభాలు కట్టారు. పచ్చని చెట్టుకు చెద తక్కువ. కానీ ప్రాణమున్న దానికి కాపుదల కూడా కావాలి. పాతి వదిలేస్తే చాలదు.

ఏ కొమ్మలు నాటాలి?

అన్ని చెట్ల కొమ్మలు బతకవు. వేప కొమ్మ, చింత కొమ్మ పాతితే సాధారణంగా ఎండిపోతాయి. ఈ కింది కొమ్మలు బాగా బతుకుతాయి.

గ్లైరిసీడియా: దీన్ని గిరిపుష్పం అని కూడా అంటారు. ఇది మధ్య అమెరికా నుంచి వచ్చిన చెట్టు. పొలం గట్ల మీద కనిపిస్తుంది. లేత గులాబి రంగు పూలు పూస్తుంది. త్వరగా పెరుగుతుంది. ఆకు మంచి ఎరువు.

గుంపెన: ఇది మన చెట్టే. లావు కొమ్మ పాతినా చిగురు వేస్తుంది. కంచెకు గుంజలుగా పనికివస్తుంది.

వావిలి: వాగుల ఒడ్డున గుబురుగా పెరుగుతుంది. ఆకుకు ఘాటు వాసన ఉంటుంది. మేకలు, గొడ్లు దీన్ని ఎక్కువగా ముట్టవు. బాలింతకు ఈ ఆకు వేసి కాచిన నీళ్ళు పోయడం మన పల్లెల్లో ఉన్నదే.

మునగ: కొమ్మ నాటితే వస్తుంది. ఆకు, కాయ కూరకు పనికివస్తాయి. కానీ మునగ కట్టె మెత్తన. గాలికి విరుగుతుంది. కంచెలో అక్కడక్కడా నాటాలి. బరువు మోసే గుంజగా పనికిరాదు.

గోరింట: కత్తిరించిన కొద్దీ గుబురుగా వస్తుంది. పొట్టి కంచెకు మంచిది.

జెముడు, అడవి ఆముదం కూడా కంచెకు వేస్తారు. వీటిని మేకలు తినవు. నీళ్ళు తక్కువైనా బతుకుతాయి. కానీ ఈ రెండింటితో ప్రమాదం ఉంది. జెముడు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. అడవి ఆముదం గింజలు విషం. తియ్యగా ఉన్నాయని పిల్లలు తింటారు. వాంతులు, విరేచనాలు అవుతాయి. ఆస్పత్రికి పోవాల్సి వస్తుంది. పిల్లలు ఆడుకునే పెరట్లో ఈ రెండూ వద్దు.

కొమ్మలు ఎక్కడ తేవాలి?

చేను గట్టు మీద చెట్టు ఉంటే ఆ చెట్టు ఎవరిదో అడగాలి. అడిగి కోయాలి. అచ్చంపేట పక్కన ఉన్న అడవి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడ కొమ్మ నరకడం నేరం.

మొదటి ఏడు కావలసినన్ని కొమ్మలు దొరకకపోవచ్చు. అప్పుడు పెరడుకు ఒక్క పక్కనే నాటండి. అది పెరిగినాక దాని కొమ్మలే కోసి మిగతా పక్కలకు నాటండి. ఇంకా మిగిలితే పక్కింటి వదినకు ఇవ్వండి. సంఘంలో పది మంది ఉంటే ఒకరి కంచె నుంచి పది ఇండ్లకు కంచెలు వస్తాయి.

ఎట్లా నాటాలి?

1. కాలం చూడాలి. మృగశిర కార్తె జూన్ రెండో వారంలో వస్తుంది. వానలు పడి నేల బాగా తడిసినాక నాటాలి. ఒక్క వానకే తొందరపడి నాటవద్దు.

2. హద్దు చూడాలి. పక్కింటి వాళ్ళతో ముందే మాట్లాడాలి. మీ హద్దుకు ఒక అడుగు లోపల నాటాలి. చెట్టు లావు అవుతుంది. హద్దు మీదనే నాటితే రేపు తగాదా వస్తుంది.

3. ముదురు కొమ్మ ఎంచుకోవాలి. లేత కొమ్మ కుళ్ళుతుంది. ఏడాది వయసున్న కొమ్మ మంచిది. లావు బొటనవేలు కంటే తక్కువ ఉండవద్దు. పొడవు 5 అడుగులు ఉండాలి.

4. పదునైన కత్తితో కోయాలి. మొద్దు కత్తితో కొడితే బెరడు చీలుతుంది. చీలిన చోట కుళ్ళు పడుతుంది. అడుగు భాగం ఏటవాలుగా కోయాలి. అప్పుడు ఏది అడుగో ఏది కొసో గుర్తు ఉంటుంది. తలకిందులుగా నాటితే కొమ్మ సరిగా బతకదు.

5. కోసిన కొమ్మలను ఎండలో పడేయవద్దు. నీడలో పెట్టాలి. ఒకటి రెండు రోజుల్లో నాటాలి. మునగ కొమ్మ మాత్రం కోసిన చోట ఆరినాక నాటాలి.

6. గడ్డపారతో ఒక అడుగు లోతు గుంత చేయాలి. అందులో కొమ్మను నిలపాలి. కొమ్మను రాయితో కొట్టి దిగేయవద్దు. బెరడు ఊడిపోతుంది. గుంతలో గుప్పెడు వేపపిండి వేస్తే మంచిది. వేరు పట్టక ముందు కొమ్మకు చెద పట్టవచ్చు.

7. మన్ను వేసి కాలితో గట్టిగా తొక్కాలి. కొమ్మ కదలవద్దు. కొమ్మ ఊగితే కొత్త వేరు తెగుతుంది.

8. అడుగుకు ఒక కొమ్మ నాటాలి. రెండు అడుగుల ఎత్తున ఒక అడ్డ కర్ర, నాలుగు అడుగుల ఎత్తున ఒక అడ్డ కర్ర పెట్టాలి. పాత చీర పేలికలతో కట్టాలి. ఇనుప తీగతో కట్టవద్దు. కొమ్మ లావు అయినాక తీగ బెరడును కోస్తుంది.

పది పదిహేను రోజులకు పైన చిగురు కనబడుతుంది. అప్పుడే బతికిందని అనుకోవద్దు. కొమ్మలో దాచుకున్న బలంతో ముందు చిగురు వస్తుంది. వేరు తర్వాత వస్తుంది. చాలా మంది వేరు వచ్చిందా అని కొమ్మను పీకి చూస్తారు. పీకితే వచ్చిన వేరు కూడా పోతుంది. వానలు ఆగితే వారానికి రెండుసార్లు నీళ్ళు పోయాలి.

ఒక సంగతి మరువవద్దు. మొదటి ఏడు పాత కంప తీయవద్దు. లేత చిగురును మేకలు తింటాయి. బయట కంప, లోపల కొమ్మలు ఉండాలి. కంప చెదకు పోయే నాటికి కొమ్మలు నిలబడతాయి. ఎండిన కంచె ముసలిదై పచ్చని కంచెకు పని అప్పగిస్తుంది.

జాలారుకు పచ్చని దడి

కోడలు అడిగిన మాట గుర్తుందా? స్నానానికి మరుగు కావాలి. ఇది సిగ్గుపడి దాచుకునే మాట కాదు. ఇంటిల్లిపాదికీ అవసరమైన పని.

గ్లైరిసీడియా, గుంపెన ఎండాకాలంలో ఆకు రాలుస్తాయి. ఆకు రాలితే మరుగు ఉండదు. అందుకని స్నానాల దడికి వావిలి మంచిది. తడి అందితే వావిలి పచ్చగా ఉంటుంది. జాలారు దగ్గర తడికి కరువు లేదు. రోజూ స్నానం చేసిన నీళ్ళు పారుతూనే ఉంటాయి. ఇప్పుడు ఆ నీళ్ళు గుంటలో నిలిచి దోమలు అవుతున్నాయి. చిన్న కాలువ తీసి ఆ నీళ్ళను దడి మొదట్లోకి మళ్ళించాలి. దడి పెరుగుతుంది. గుంట ఎండుతుంది. దోమలు తగ్గుతాయి.

జాలారు చుట్టూ రెండు వరుసల్లో వావిలి కొమ్మలు నాటాలి. వరుసకు వరుసకు మధ్య ఒక అడుగు ఎడం ఉండాలి. కొమ్మకు కొమ్మకు మధ్య అర అడుగు ఎడం ఉండాలి. ముందు వరుసలో సందు ఉన్న చోట వెనక వరుసలో కొమ్మ రావాలి. కొమ్మలను కొంచెం ఏటవాలుగా నాటాలి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచి తడక అల్లినట్టు అల్లాలి. పక్క కొమ్మలు వచ్చిన కొద్దీ వాటిని సందుల్లోకి దూర్చాలి. దడి దట్టం కావడానికి రెండు వానాకాలాలు పడతాయి. అప్పటిదాకా లోపలి పక్క గోనె సంచులు కట్టుకోవాలి. మనిషి కంటే ఒక అడుగు ఎక్కువ ఎత్తు రానివ్వాలి. అంతకంటే పెరిగితే కొస కోయాలి.

ప్రాణమున్న పందిరి

పందిరి గుంజలు కూడా ప్రతి రెండు మూడేండ్లకు విరుగుతాయి. పచ్చి గుంజలు పాతితే ఆ బాధ తగ్గుతుంది. 8 అడుగుల గ్లైరిసీడియా లేక గుంపెన గుంజలు నాలుగు తీసుకోవాలి. రెండు అడుగుల లోతు పాతాలి. పైన ఎండు కర్రలు పరచాలి. మొదటి ఏడు పచ్చి గుంజల పక్కన ఎండు గుంజలు కూడా ఉండాలి. కొత్త వేరు మీద బరువు వేయవద్దు. మొదట చిక్కుడు ఎక్కించండి. గుంజలు గట్టిపడినాక సొర, బీర ఎక్కించండి. గుంజల చిగుళ్ళు ఎప్పటికప్పుడు కోయాలి. లేకపోతే నీడ పడి కాయ తగ్గుతుంది.

కంచె చేను మేయకుండా

కంచే చేను మేస్తే కాపు ఏం చేస్తాడు అని సామెత ఉంది. జీవకంచె విషయంలో ఈ సామెత నిజం అవుతుంది. కత్తిరించకుండా వదిలితే కంచె చెట్ల తోపు అవుతుంది. నీడ పాదుల మీద పడుతుంది. వేర్లు పాదుల నీళ్ళు తాగుతాయి. కింద సందులు పడతాయి. మేక దూరుతుంది.

అందుకని రెండో ఏడు నుంచి ఏడాదికి రెండు మూడుసార్లు కత్తిరించాలి. నాలుగు అడుగుల ఎత్తున కోయాలి. కోస్తే కింద గుబురు వస్తుంది. కోసిన ఆకు పారేయవద్దు. గ్లైరిసీడియా ఎండు ఆకు 100 కిలోల్లో దాదాపు 2 నుంచి 3 కిలోల నత్రజని ఉంటుంది. నత్రజని అంటే పైరుకు బలం ఇచ్చేది. యూరియా వేసేది కూడా దాని కోసమే. ఆకును పాదుల్లో వేసి మన్ను కప్పండి. పుల్లలు పొయ్యి కిందికి వస్తాయి.

రంగారెడ్డి జిల్లాలో కొత్తపల్లి అనే ఊరు ఉంది. 1999లో అక్కడ వాన నీటిని నిలిపే పనులు మొదలయ్యాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ తోడు ఇచ్చింది. ఆ ఊరి రైతులు పొలం గట్ల మీద గ్లైరిసీడియా నాటారు. గట్టు కోసుకుపోకుండా వేరు పట్టింది. ఆకు పొలానికి ఎరువు అయింది.

జాగ్రత్తలు

గ్లైరిసీడియా గింజ, బెరడు విషం. కొన్ని దేశాల్లో ఎలుకలను చంపడానికి వాడతారు. పిల్లలను నోట్లో పెట్టుకోనివ్వవద్దు.

జీవకంచె మేకలను, గొడ్లను ఆపుతుంది. అడవి పందిని ఇది ఒక్కటే ఆపలేదు. అడవి పందుల కోసం కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడతారు. చీకట్లో తెలియక తగిలి మనుషులు చనిపోయారు. అది నేరం. ఎవరు పెట్టినా వద్దని చెప్పండి.

కంప పని చేసేటప్పుడు చెప్పులు వేసుకోండి. ముల్లు లోతుగా దిగితే ఆస్పత్రికి పోయి ధనుర్వాతం సూది వేయించుకోండి.

ఇతర చోట్ల ఏం చేస్తారు?

యూరప్‌లోని చల్లని దేశాల్లో విల్లో అనే చెట్టు పెరుగుతుంది. మన దేశంలో కాశ్మీరులో ఉంది. క్రికెట్ బ్యాట్లు దాని కట్టెతోనే చేస్తారు. విల్లో కొమ్మ తడి నేలలో గుచ్చితే చాలు, బతుకుతుంది. సన్నగా ఉంటుంది. ఎటు వంచితే అటు వంగుతుంది. అక్కడివాళ్ళు ఆ కొమ్మలతో కంచెలు, పందిళ్ళు, పిల్లలు ఆడుకునే గుడిసెలు అల్లుతారు. జర్మనీలో ఔవర్‌స్టెట్ అనే ఊరిలో 1998లో దాదాపు 300 మంది కలిసి విల్లో కొమ్మలతో ఒక పెద్ద మందిరమే అల్లారు. గోడలు, కప్పు అన్నీ పచ్చని కొమ్మలే.

మన దేశంలో మేఘాలయ రాష్ట్రం ఉంది. అక్కడ ఖాసీ ప్రజలు రబ్బరు మర్రి వేర్లను వాగు మీదుగా సాగదీస్తారు. ఏండ్ల తరబడి పెంచుతారు. అవి మనుషులు నడిచే వంతెనలు అవుతాయి. తాతలు మొదలుపెట్టిన వంతెన మీద మనుమలు నడుస్తారు.

విల్లో మన చెల్క నేలలో, మన ఎండల్లో నిలవదు. కానీ మనకు వావిలి ఉంది. గుంపెన ఉంది. చెట్టు వేరు, పని ఒక్కటే.

లెక్క చేద్దాం

ఒక పెరడు పొడవు 40 అడుగులు. వెడల్పు 30 అడుగులు. చుట్టుకొలత ఎంత?

40 + 30 + 40 + 30 = 140 అడుగులు.

దారికి 4 అడుగులు వదలాలి. 140 – 4 = 136 అడుగులు.

అడుగుకు ఒక కొమ్మ. అంటే 136 కొమ్మలు కావాలి. కొన్ని ఎండిపోవచ్చు. 14 ఎక్కువ తెచ్చుకోవాలి. మొత్తం 150 కొమ్మలు.

గుర్తుంచుకోండి

ఎండిన కట్టె నాటితే ఏటేటా పని. పచ్చి కొమ్మ నాటితే ఏటేటా బలం.
కొమ్మను కొట్టి దిగేయవద్దు. పీకి చూడవద్దు.
మొదటి ఏడు కంప తీయవద్దు.
రెండో ఏడు నుంచి కత్తిరించడం మానవద్దు.

చెప్పండి

1. ఎండు కంప కంచె ఎందుకు నిలవదు?
2. జాలారు దడికి వావిలి ఎందుకు మంచిది?
3. కొమ్మ అడుగు భాగం ఏటవాలుగా ఎందుకు కోయాలి?
4. పిల్లలు ఉన్న పెరట్లో ఏ చెట్లు వద్దు? ఎందుకు?
5. కంచె చేను మేయడం అంటే ఏమిటి? అది జరగకుండా ఏం చేయాలి?

చేయండి

మీ పెరడును తాడుతో కొలవండి. ఎన్ని అడుగులో రాయండి. ఎన్ని కొమ్మలు కావాలో లెక్క వేయండి. మీ ఊరిలో వావిలి, గుంపెన, గ్లైరిసీడియా ఎక్కడెక్కడ ఉన్నాయో పేర్లు రాసుకోండి. ఆ కాగితం మృగశిర దాకా దాచుకోండి.